ఆఫర్లను కాదు, చేరినవారిని లెక్కపెట్టండి: ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్లకు నమస్కారం.

విజయవాడ, గుంటూరుల్లోని డిగ్రీ, పాలిటెక్నిక్, ఐటీఐ కళాశాలల్లో విద్యార్థుల శిక్షణ, ప్లేస్‌మెంట్ పనులు చూసే అధ్యాపకులం ఈ లేఖ రాస్తున్నాం. చదువు పూర్తవుతున్న పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన అప్రెంటిస్‌షిప్, ఇంటర్న్‌షిప్ పథకాలు మన దగ్గర ఎక్కడ చిక్కుకుంటున్నాయో, అందులో మీ సంతకంతో విడిపోయే ముడులేవో చెప్పాలని మా ఉద్దేశం. కొత్త పథకం ఏదీ అడగడం లేదు. సీటు వచ్చిన పిల్లవాడు పనిలో చేరేలోపు దారిలో జారిపోకుండా చూడమంటున్నాం.

ముందు ఒక లెక్క చూడండి. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కింద అయిదేళ్లలో కోటి మందికి పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని 2024 జులై బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ ఏడు అక్టోబరులో పైలట్, అంటే ప్రయోగాత్మక దశ మొదలైంది. తొలి విడతలో కంపెనీలు సుమారు 1.27 లక్షల ఖాళీలు చూపించాయి. 82 వేలకు పైగా ఆఫర్లు వెళ్లాయి. సరేనన్నవారు సుమారు 28 వేల మంది. చేరినవారు 8,700 పైచిలుకు. పార్లమెంటుకు ప్రభుత్వమే చెప్పిన అంకెలివి. పది మందికి ఆఫర్ వెళ్తే గడప దాటి లోపలికి వెళ్లింది ఒక్కరన్నమాట. పిల్లలకు ఆసక్తి లేదని తేల్చేయడం సులువే. కానీ వాళ్ల కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే వేరే సంగతులు బయటపడతాయి.

అన్నిటికంటే ముందు తగిలే అడ్డంకి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో దాన్ని ఒక్క అక్షరానికి కుదించేస్తారు. పాన్ కార్డులో అదే ఇంటిపేరు చివరికి పోతుంది. పెళ్లయిన అమ్మాయికి ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు, మెమోలో పుట్టింటిది. పోర్టల్ ఆధార్ నుంచే పేరు లాక్కుంటుంది, కంపెనీ హెచ్‌ఆర్ వారు మెమోతో పోల్చి చూస్తారు, రెండూ కలవకపోతే పక్కన పెట్టేస్తారు. ఆధార్‌లో పేరు మార్చుకునే వీలు జీవితంలో రెండుసార్లే. పుట్టిన తేదీ అయితే ఒక్కసారే. చిన్నప్పుడు తల్లిదండ్రులు ఒకసారి వాడేసి ఉంటే మిగిలింది ఒక్కటే. అది కూడా తొందరలో తప్పుగా చేయించుకుంటే, ఆ తర్వాత ఆధార్ ప్రాంతీయ కార్యాలయం చుట్టూ తిరగాలి. అందుకే ఈ సరిచూపు ఐదో సెమిస్టరులోనే జరగాలి. ఆఫర్ వచ్చాక పది రోజుల గడువులో మొదలుపెడితే అందదు. మెమోలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా ఆధార్‌లో ఉండాలి. మెమో మార్పించడం కష్టం కాబట్టి ఆధారే దాని దారికి రావాలి.

రెండోది బ్యాంకు ఖాతా. ‘ఆధార్ లింక్ అయింది సార్’ అని పిల్లలు చెబుతారు, పాస్‌బుక్కూ చూపిస్తారు. అది కేవైసీ కోసం చేసిన లింకు. శిక్షణలో నెలనెలా ఇచ్చే స్టైపెండ్‌లో ప్రభుత్వ వాటా నేరుగా వచ్చేది ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో చెప్పే పట్టికలో, నమోదైన ఖాతాకే. ఒక ఆధార్‌కు ఆ మ్యాపర్‌లో ఒకే బ్యాంకు ఉంటుంది, చివరిసారి ఏది చేయిస్తే అదే. సిమ్ కార్డు తీసుకున్న రోజు తెలియకుండా తెరుచుకున్న పేమెంట్స్ బ్యాంకు ఖాతా అక్కడ కూర్చుని ఉండవచ్చు. డబ్బు పడుతూనే ఉంటుంది, పిల్లవాడికి మాత్రం కనపడదు. ఇది తెలుసుకోవడానికి మైఆధార్ పోర్టల్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే చాలు. రెండు నిమిషాల పని.

ఖాతా రకం కూడా చూడాలి. బడిలో ఉపకార వేతనం కోసం తెరిచిన మైనర్ ఖాతా 18 ఏళ్లు నిండాక మళ్లీ సంతకం, కేవైసీ ఇచ్చేదాకా నిలిచిపోతుంది. పూర్తి కేవైసీ లేని ‘చిన్న ఖాతా’ అయితే ఇంకో తంటా. అందులో ఏడాదికి మొత్తం జమ లక్ష రూపాయలు దాటకూడదు, నెలకు తీసుకోగలిగింది 10,000. డిగ్రీ అప్రెంటిస్‌కు 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండ్ నెలకు 9,000, అంటే ఏడాదికి 1,08,000. పదకొండు నెలలు సజావుగా పడి, పన్నెండో నెల ఖాతా పరిమితి దాటిపోతుంది. ఇలాంటివి బ్యాంకులో ఒక్క ఫారంతో సరిపోయేవి. ఎవరూ ముందుగా చెప్పకపోవడమే లోపం.

మూడోది వినడానికి చిన్నదిగా ఉంటుంది, నష్టం మాత్రం పెద్దది. ఫోను తెరమీద దరఖాస్తు నింపలేక పిల్లలు నెట్ సెంటరుకు వెళ్తారు. అక్కడివారు తొందరకి తమ ఈమెయిలో, తమ నంబరో పెట్టేస్తారు. ఓటీపీ, ఆఫర్ సందేశం, ఒప్పుకోవాల్సిన గడువు అన్నీ ఆ సెంటరుకే పోతాయి. ఆఫర్ వచ్చిందని పిల్లవాడికి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. అధికారిక పోర్టళ్లలో అభ్యర్థి నమోదు ఉచితం అన్న మాట, ‘మీ నంబరే పెట్టండి’ అన్న మాట ప్రతి వార్డు సచివాలయం గోడమీద పెద్దక్షరాలతో ఉండాలని కోరుతున్నాం. సచివాలయంలో విద్యా, డేటా ప్రాసెసింగ్ కార్యదర్శి ఉన్నారు. కంప్యూటరూ ఉంది. వారానికి ఒక పూట ఈ దరఖాస్తులకు కేటాయిస్తే నెట్ సెంటరు అవసరమే పడదు.

ఏ పిల్లవాడు ఏ గుమ్మం ఎక్కాలన్నదీ చాలామందికి తెలియడం లేదు. ఐటీఐ చదివినవారిది నైపుణ్యాభివృద్ధి శాఖ నడిపే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్. డిగ్రీ, డిప్లొమా వారిది విద్యాశాఖ కింద ఉన్న నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్. బీటెక్ వారికే అనుకుని బీఏ, బీకాం, బీఎస్సీ పిల్లలు నాట్స్ జోలికి వెళ్లడం లేదు. వాళ్లకూ అర్హత ఉంది. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్‌కు పైలట్ నిబంధనల్లో వయసు 21 నుంచి 24, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, స్టైపెండ్ నెలకు 5,000, చేరినప్పుడు ఒకసారి 6,000. ఇక్కడొక చిక్కు. మామూలుగా చదువుకుంటూ వచ్చిన పిల్లవాడికి మూడేళ్ల డిగ్రీ 20 ఏళ్లకే అయిపోతుంది. ఏడాది ఆగాలి. ఆ ఏడాది పీజీలో చేరి పూర్తిచేస్తే అసలు అర్హతే పోతుంది. ఖాళీగా ఉండలేక నాట్స్ అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినా ఇంటర్న్‌షిప్ తలుపు మూసుకుంటుంది. దీన్ని సరిచేయాల్సింది ఢిల్లీలో అని మాకు తెలుసు. జిల్లా నుంచి లిఖితపూర్వకంగా ఒక నివేదిక వెళ్తే దాని బరువు వేరు. మా అభిప్రాయం అడిగితే, 20 ఏళ్లకు డిగ్రీ చేతికొచ్చిన పిల్లలకు నాట్స్ మేలు. ఎక్కువ స్టైపెండ్, ఒప్పందానికి చట్టం అండ, ఏడాది చివర సర్టిఫికెట్ ఉంటాయి.

ఇంకో అపోహ తొలగించాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే ఇంటర్న్‌షిప్‌కు అర్హత లేదన్న నిబంధన విని కాంట్రాక్టు ఉద్యోగుల పిల్లలు దరఖాస్తే పెట్టడం మానుకుంటున్నారు. ఆ నిబంధన రెగ్యులర్, పర్మనెంట్ ఉద్యోగులకే. కుటుంబం అంటే అభ్యర్థి, తల్లిదండ్రులు, పెళ్లయితే జీవిత భాగస్వామి. అన్నకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిందని చెల్లెలు ఆగిపోనక్కర్లేదు.

ఇక ఖాళీల సంగతి. ఈ లేఖలో మేం ముఖ్యంగా మనవి చేసుకోవాలనుకున్నది ఇదే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, దాని కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. కాంట్రాక్టు సిబ్బందినీ కలిపే లెక్క. 200 మంది ఉన్న ఆసుపత్రిలో కనీసం అయిదుగురు ఉండాలి, ముప్పై మంది దాకా ఉండవచ్చు. సూర్యారావుపేట ఆసుపత్రులు, బందరు రోడ్డు షోరూములు, హోటళ్లు, గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులు ఈ లెక్కలోకి రావాల్సినవే. ఏ సంస్థలో ఎందరు ఉండాలో, ఇప్పుడు ఎందరున్నారో చెప్పే జాబితా మాత్రం విద్యార్థికి ఎక్కడా దొరకదు. ఇది తయారుచేయడం కష్టం కాదు. పీఎఫ్ వర్తించేది 20 మంది దగ్గర్నుంచి కాబట్టి ఆ కార్యాలయం దగ్గర పేర్లు ఉన్నాయి. కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ దగ్గర మిగతావి ఉన్నాయి. మూడు జాబితాలు ఒకచోట పెట్టి 30 దాటినవి విడదీసి, పక్కన రెండు గళ్లు గీసి ‘ఉండాల్సినవారు’, ‘ఉన్నవారు’ అని నింపి నెలనెలా ప్రకటించండి. జిల్లా నైపుణ్యాభివృద్ధి కమిటీకి మీరే అధ్యక్షులు. ఆ కమిటీ మొదటి పని ఇదే కావాలని మా మనవి.

జరిమానాతో బెదిరించమని మేం కోరడం లేదు. చట్టంలో ఉన్న జరిమానా తక్కువైన ఒక్కో అప్రెంటిస్‌కు మొదటి మూడు నెలలు నెలకు 500, ఆపైన 1,000. స్టైపెండ్ కంటే జరిమానా చవక. అందుకే దాని భయం పనిచేయదు, వివరంగా చెప్పడమే పనిచేస్తుంది. యజమానుల భయాలు మూడు. తీసుకుంటే పర్మనెంట్ చేయమంటారేమోనన్నది ఒకటి. అప్రెంటిస్‌కు ఉద్యోగం ఇచ్చితీరాలన్న నిబంధన చట్టంలో లేదు. పీఎఫ్, ఈఎస్‌ఐ మీద పడతాయేమోనన్నది రెండోది. ఈ చట్టం కింద రిజిస్టరైన అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడే తప్ప కార్మికుడు కాదు, అవి వర్తించవు. పని ప్రమాదంలో గాయపడితే పరిహారం మాత్రం యజమానిదే, దాన్ని దాచకుండా చెప్పాలి. మూడోది ఖర్చు. 2019 నిబంధనల లెక్కన నాట్స్‌లో డిగ్రీ అప్రెంటిస్‌కు ఇచ్చే 9,000లో 4,500 ప్రభుత్వం ఇస్తుంది, డిప్లొమాకు 8,000లో 4,000. స్టైపెండ్లు 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫార్సు కూడా చేసింది. కంపెనీలు పొరపాటు చేసేది ఒకచోటే. తమ వాటా చెల్లించి పోర్టల్‌లో నమోదు చేయడం మరచిపోతారు, దాంతో ప్రభుత్వ వాటా కదలదు, పిల్లవాడు రెండో నెలకే మానేస్తాడు. స్టైపెండ్ తర్వాతి నెల పదో తేదీలోపు చెల్లించాలని నిబంధన. పదకొండో తేదీన అకౌంట్స్ గుమస్తాకు ఒక ఫోను చేసే మనిషి జిల్లాకు ఒక్కరుంటే చాలు.

విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల పనులు చేసే షెడ్లు, గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు చాలావరకు 30 మందికి లోపువి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవారికి బలవంతం లేదు, ఇష్టమైతే తీసుకోవచ్చు. ఈ వీలు సంగతి వారికి తెలియదు. ఒక షెడ్డులో వెల్డింగ్ తప్ప వేరే పని ఉండదు, ఇంకో దాంట్లో పెయింటింగే. లారీలు, బస్సులకు బాడీ కట్టే పని పూర్తిగా నేర్చుకోవాలంటే పిల్లవాడు రెండుమూడు షెడ్లు తిరగాలి. కొందరు యజమానులు కలిసి అప్రెంటిస్‌ను ఒకరి దగ్గర్నుంచి మరొకరి దగ్గరికి పంపుతూ నేర్పడానికి చట్టంలో 8వ సెక్షన్ వీలిస్తుంది. ఆటోనగర్ లాంటి చోటుకు కొలతపెట్టి కుట్టినట్టున్న సెక్షన్ అది. అక్కడి యజమానుల సంఘాలను, ఈ చట్టం అమలు చూసే అధికారి అయిన అప్రెంటిస్‌షిప్ సలహాదారును ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే ఒక్క ఏడాదిలో తేడా కనపడుతుంది. కోల్డ్ స్టోరేజీల్లో అమోనియా ప్లాంటు చూసుకోవడానికి రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చదివినవారు కావాలి. ఆ ట్రేడ్ చదివిన ఐటీఐ పిల్లలు ఇంటింటికీ ఏసీలు బిగించే పనికి పోతున్నారు. ఇద్దరినీ కలిపేవారు లేరు.

పెద్ద ప్రభుత్వ సంస్థల విషయంలో మనం అదృష్టవంతులం. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపు, విజయవాడ లోకో షెడ్లు, ఆర్టీసీ అన్నీ చుట్టూనే ఉన్నాయి. రైల్వేలో అప్రెంటిస్‌గా ఎంపికకు పరీక్ష ఉండదు, పదో తరగతి, ఐటీఐ మార్కులే చూస్తారు. శిక్షణ పూర్తిచేసినవారికి రైల్వే లెవల్-1 (పూర్వపు గ్రూప్-డి) నియామకాల్లో 20 శాతం కోటా ఉంది. ఇంత విలువైనది కూడా చేజారుతోంది. స్టైపెండ్ తీసుకుని, చివర జరిగే అఖిల భారత ట్రేడ్ టెస్ట్ రాయకుండా వెళ్లిపోయేవారున్నారు. ఆ పరీక్ష పాసై జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే ఆ 20 శాతంలో చోటు. ఇక ప్రైవేటులో ‘ట్రైనీ’ అని పేరు పెట్టి, పోర్టల్‌లో కాంట్రాక్టు రిజిస్టర్ చేయకుండా ఏడాది పని చేయించుకునేవారూ ఉన్నారు. కాంట్రాక్టు నంబరు లేకపోతే ఆ ఏడాదికి కాగితం విలువ లేదు. చేరిన నెలలోనే ఆ నంబరు అడగమని మేం పిల్లలకు చెబుతున్నాం. అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ముందుగా అడగాల్సిందీ అదే.

ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి చెప్పకుండా ఉండలేం, మా కళాశాలల మీదికే వచ్చే మాటైనా సరే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీలు టీసీ, మెమోలు ఆపుతున్నాయి. సర్టిఫికెట్ల పరిశీలన రోజు ఒరిజినల్స్ లేకపోతే అప్రెంటిస్ సీటు పక్కవారికి పోతుంది. బకాయి ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్యది. మధ్యలో నలిగేది పిల్లవాడు. ఆఫర్ లెటరు లేదా పరిశీలన కబురు చూపిస్తే మూడు రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. మేం దాన్ని పాటిస్తాం.

డిగ్రీ చదువులో భాగంగా ఉన్న ఇంటర్న్‌షిప్‌ల పరిస్థితి వేరే రకం. ఉన్నత విద్యామండలి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది. మొదటి ఏడాది తర్వాత 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత చిన్న ఇంటర్న్‌షిప్, చివరి ఏడాది ఒక సెమిస్టరు పూర్తిగా. ఆలోచన మంచిది. కానీ వేల మంది ఒకే వేసవిలో చోటు వెతుక్కోవాలి. చోటు దొరకని పిల్లలకు డబ్బు తీసుకుని సర్టిఫికెట్, దాంతోపాటు నింపేసిన లాగ్ బుక్ కూడా ఇచ్చే దుకాణాలు వెలిశాయి. విద్యార్థి నుంచి రుసుము తీసుకున్న ఏ ఇంటర్న్‌షిప్‌నూ మార్కులకు లెక్కించవద్దని మేం మా శాఖల్లో పట్టుబడుతున్నాం, కానీ ఊరికే వద్దంటే కుదరదు, చోటు చూపించాలి. ఆ చోట్లు మీ దగ్గరే ఉన్నాయి. రసాయన శాస్త్రం పిల్లలకు నగరపాలక సంస్థ తాగునీటి పరీక్షల ల్యాబు. బీకాం వారికి ప్రాథమిక సహకార సంఘాల్లో జరుగుతున్న లెక్కల కంప్యూటరీకరణ. స్టాటిస్టిక్స్ వారికి ప్రణాళికా విభాగం. వృక్షశాస్త్రం వారికి భూసార పరీక్షా కేంద్రాలు. ఒక్కో కార్యాలయం సెమిస్టరుకు నలుగురిని తీసుకుని, వారికి ఒక పేరున్న పని అప్పగించి, ఒక ఉద్యోగిని బాధ్యుడిగా పెడితే చాలు. జిరాక్సులు తీయించడం, టీ తెప్పించడం ఇంటర్న్‌షిప్ కాదని ఆ ఉత్తర్వులోనే రాయండి.

బస, ప్రయాణం మాటకొస్తే, విజయవాడలో భోజనంతో ప్రైవేటు హాస్టల్లో ఉంటే పైలట్ లెక్కన ఇంటర్న్‌కు వచ్చే స్టైపెండ్ 5,000 దానికే అయిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ దాకా మహిళలకు ఉచితం కావడంతో గుంటూరు, తెనాలి అమ్మాయిలు రోజూ వచ్చిపోగలుగుతున్నారు. అబ్బాయిలకు ఆ వీలు లేదు. విద్యార్థి పాసుకు కాలేజీ ధ్రువపత్రం కావాలి, చదువు అయిపోయినవాడికి అదెవరిస్తారు? రిజిస్టరైన అప్రెంటిస్ కాంట్రాక్టునే ధ్రువపత్రంగా ఒప్పుకోమని ఆర్టీసీకి రాయండి. సంక్షేమ శాఖల కళాశాల హాస్టళ్లలో ఖాళీగా ఉన్న పడకలను ఆ ఒక్క ఏడాదికి అప్రెంటిస్‌లకు ఇవ్వండి.

జాబ్ మేళా ముగియగానే ‘ఇంతమందికి ఆఫర్లు’ అని ప్రకటన వస్తుంది. ఆ అంకెతో పాటు మూడు నెలల తర్వాత ఎందరు పనిలో ఉన్నారన్న అంకె కూడా ప్రకటించండి. పిల్లవాడి ఫోను నంబరు మేళాలో రాయించుకుంటారు కదా, తొంభయ్యో రోజున ఒక ఫోను చేస్తే తెలుస్తుంది. మానేసినవారిని ఎందుకు మానేశారో అడిగితే వచ్చే మేళాకు ఏ కంపెనీని పిలవకూడదో కూడా తెలుస్తుంది.

నాట్స్ చూసే దక్షిణ ప్రాంత బోర్డు చెన్నైలో ఉంది. స్టైపెండ్ ఆగిన గుంటూరు పిల్లవాడు అంతదూరం పోలేడు. బోర్డు అధికారి ఒకరు రెండు నెలలకోసారి ఇక్కడ కూర్చునేలా అడగండి. అప్పటిదాకా, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక బల్ల ఈ పిల్లల కోసం వేయించండి. జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మనిషి, ఆధార్ కిట్, నైపుణ్యాభివృద్ధి అధికారి ఒకేచోట ఉంటే పేరు, ఖాతా, కాంట్రాక్టు మూడూ ఆ పూటే తేలతాయి. ఐదో సెమిస్టరు పిల్లల మెమో, ఆధార్, బ్యాంకు సీడింగ్ వివరాలు పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న పేర్లను విడిగా రాసిన జాబితాలు మేం కళాశాలవారీగా తయారుచేసి ఇస్తాం. ఏ సోమవారం రమ్మంటే ఆ సోమవారం పట్టుకొస్తాం.

ఇట్లు
విజయవాడ, గుంటూరు కళాశాలల ప్లేస్‌మెంట్, శిక్షణ విభాగాల అధ్యాపకులు